రెండోసారి చూసినా నిలబడే క్రైమ్ సిరీస్ ఏది?

మామిడిచెట్టు, మెట్టుగూడ | ఆదివారం, రాత్రి 11:50

నాన్నకు మోకాలి ఆపరేషన్ అయి నాలుగు వారాలైంది. పగలంతా ఫిజియోథెరపీ, మందులు, చుట్టాల ఫోన్లతో గడిచిపోతుంది. రాత్రి మాత్రం నొప్పికి నిద్ర పట్టదు. అందుకని ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని ది వైర్ అనే అమెరికన్ క్రైమ్ సిరీస్ మొదలుపెట్టాను. నాకిది మూడోసారి, ఆయనకు మొదటిసారి. బాల్టిమోర్ వీధుల్లో మాట్లాడే ఇంగ్లీషు ఆయనకు అర్థం కాదు కాబట్టి సీన్ సీన్‌కీ ఆపి తెలుగులో చెబుతున్నాను.

నాన్న సిటీలో ఒక పోలీస్ స్టేషన్‌లో ఏళ్ళ తరబడి రికార్డులు రాసే రైటర్‌గా చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో గుమ్మంలో ఒక పెద్ద టేబుల్ ఇరుక్కుపోయే సీన్ ఉంది, గుర్తుందా? ఇటు కొందరు, అటు కొందరు చెమటలు కక్కుతూ తోస్తుంటారు. అది అంగుళం కూడా కదలదు. చాలాసేపటికి బయటపడుతుంది: ఒక పక్కవాళ్ళు దాన్ని లోపలికి తెస్తున్నామనుకుంటున్నారు, రెండో పక్కవాళ్ళు బయటికి తీస్తున్నామనుకుంటున్నారు. నాన్న దాన్ని రెండుసార్లు వెనక్కి పెట్టించుకుని చూశారు. "డిపార్ట్‌మెంట్ అంటే ఇదేరా" అన్నారు.

హాస్టల్‌లో మొదటిసారి చూసినప్పుడు ఆ సీన్ నాకు గుర్తు కూడా లేదు. అప్పుడు నా ధ్యాసంతా ఎవరు దొరుకుతారు, ఎవరు చస్తారు అన్నదాని మీదే. ఇప్పుడు అవన్నీ తెలుసు. తెలిసినా సిరీస్ ఏమాత్రం పలచబడలేదు, ఇంకా చిక్కబడింది. అందుకే అడుగుతున్నాను. గొప్పవని పేరున్న క్రైమ్ సిరీస్‌లలో రెండోసారి, మూడోసారి చూస్తే పెరిగేవి ఏవి, తరిగేవి ఏవి? ఊరికే పేర్లు వద్దు. ఎందుకో చెప్పండి. స్పాయిలర్లు ఉంటాయి, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

నైట్‌షిఫ్ట్, గచ్చిబౌలి | సోమవారం, తెల్లవారుజామున 3:20

అన్నా, నా ఓటు బ్రేకింగ్ బ్యాడ్‌కే. మొత్తం 62 ఎపిసోడ్లు మూడుసార్లు చూశాను.

మొదటిసారి నేను వాల్టర్ వైట్ పక్షం. క్యాన్సర్ వచ్చింది, డబ్బు లేదు, పెళ్ళాం బిడ్డల కోసం మత్తుమందు తయారు చేస్తున్నాడు పాపం అనుకున్నాను. రెండోసారి చూస్తే, మొదటి సీజన్‌లోనే వైద్యానికి డబ్బిస్తామని పాత స్నేహితులు ముందుకొస్తారు. ఇతను వద్దంటాడు. కుటుంబం కోసమన్న మాట అక్కడే అబద్ధమైపోయింది. నేను చూసీ చూడనట్టు దాటేశాను.

ఇంకోటి. బేస్‌మెంట్‌లో కట్టేసి ఉంచినవాడికి వాల్టర్ శాండ్‌విచ్ చేసి పెడతాడు కదా. వాడు బ్రెడ్ అంచులు వదిలేస్తాడని గమనించి తర్వాత అంచులు కోసి ఇస్తాడు. వాణ్ణి చంపేస్తాడు. చాలా కాలం తర్వాత వాల్టర్ తన శాండ్‌విచ్‌కి కూడా అంచులు కోసుకుని తింటాడు. మత్తుమందుల వ్యాపారి గస్ ఫ్రింగ్ వాంతి చేసుకునే ముందు నేలమీద టవల్ మడిచి వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంటాడు. గస్ పోయాక వాల్టర్ కూడా అచ్చం అలాగే. చంపినవాళ్ళ అలవాట్లు ఒక్కొక్కటే ఒంటికి పట్టించుకుంటున్నాడు. దీని గురించి సిరీస్‌లో ఒక్కరు కూడా నోరు విప్పి చెప్పరు. మూడోసారికి గాని నాకు దొరకలేదు.

తార్నాక అక్క | సోమవారం, ఉదయం 9:05

నైట్‌షిఫ్ట్ తమ్ముడూ, బ్రెడ్ అంచుల సంగతి బాగా పట్టావు. నేను గమనించనే లేదు. కానీ బ్రేకింగ్ బ్యాడ్‌లో సగం బలం "ఇప్పుడెలా తప్పించుకుంటాడు?" అన్న టెన్షన్‌లో ఉంది. రైలు దోపిడీ ఎపిసోడ్ మొదటిసారి ఊపిరి బిగపట్టి చూశాను. రెండోసారి మధ్యలో లేచి వెళ్ళి పప్పు కుక్కర్ కట్టేసి వచ్చాను. ఏమీ పోలేదు.

నా లెక్కలో అన్నిటికన్నా పైన ఉండేది ది సొప్రానోస్. 1999లో మొదలై 2007లో ముగిసింది, 86 ఎపిసోడ్లు. నేను కౌన్సెలింగ్ చదువుకున్నదాన్ని, అదే పని చేస్తున్నాను. మాఫియా నాయకుడు టోనీ పానిక్ అటాక్ వచ్చి డాక్టర్ మెల్ఫీ దగ్గరికి వెళ్తాడు కదా, ఆ గదిలో జరిగేదే నాకు అసలు కథ. మొదటిసారి చూసినప్పుడు ఇతను మారతాడని ఆశపడ్డాను. ఆమె కూడా అలాగే ఆశపడింది.

రెండోసారి చూస్తే ఒళ్ళు జలదరించింది. మొదటి సీజన్‌లోనే ఉంది. పెద్దవాళ్ళతో ఇబ్బందిగా ఉంటే, పెత్తనం తమ చేతిలోనే ఉందని వాళ్ళకు అనిపించేలా చూడండి అని ఆమె సలహా ఇస్తుంది. ఏ డాక్టరైనా ఇచ్చే మంచి సలహానే. అతను దాన్ని తీసుకెళ్ళి పెదనాన్న మీద వాడతాడు. జూనియర్‌ను పేరుకు బాస్‌గా కూర్చోబెట్టి, అసలు పెత్తనం తన చేతిలో పెట్టుకుంటాడు. వైద్యం జరుగుతోందని మనం అనుకుంటున్నంతసేపూ అతను పనిముట్లు పోగేసుకుంటున్నాడు. చివరికి ఆమె అతని మొహం మీద తలుపు మూసే సీన్ మొదటిసారి కఠినంగా అనిపించింది. ఇప్పుడైతే అంత ఆలస్యం ఎందుకు చేసిందా అనిపిస్తుంది. ఈ పని చేసేవాళ్ళందరికీ అలాంటి తలుపు ఒకటి ఉంటుంది.

బోయిన్‌పల్లి 26 | సోమవారం, మధ్యాహ్నం 1:15

వైర్ రెండో సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లు చూసి ఆపేశాను. మొదటి సీజన్‌లో అలవాటైన మనుషులందరినీ పక్కన పెట్టేసి ఓడరేవు, కూలీలు, యూనియన్ గొడవ మొదలుపెట్టారు. దాన్ని వదిలేసి మూడో సీజన్‌కి వెళ్ళొచ్చా?

మామిడిచెట్టు, మెట్టుగూడ | సోమవారం, రాత్రి 10:30

వెళ్ళొద్దు బ్రదర్. చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనూ మొదటిసారి విసుక్కుంటూనే చూశాను.

ఈ సిరీస్ తీసిన డేవిడ్ సైమన్ బాల్టిమోర్‌లో పోలీసు వార్తలు రాసిన విలేకరి. అతనితో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ అక్కడే డిటెక్టివ్‌గా చేసి, తర్వాత బడిలో పాఠాలు చెప్పాడు. వాళ్ళకు ఒక ముఠా కథ చెప్పడం ముఖ్యం కాదు, ఊరు మొత్తం కావాలి. అందుకే మొదట మత్తుమందుల వీధి, తర్వాత ఓడరేవు, తర్వాత రాజకీయం, బడి, చివర పత్రిక. అయిదు సీజన్లు, 60 ఎపిసోడ్లు. ఓడరేవు లేకపోతే ఆ వీధిలో కుర్రాళ్ళు ఎందుకు నిలబడ్డారో అర్థం కాదు. నిఖార్సైన పని ఊరు విడిచి పోయింది, దాని జాగాలోకి ఇది వచ్చింది.

మా బాబాయి పని చేసిన సనత్‌నగర్ కంపెనీ మూతపడ్డప్పుడు నాకు పదేళ్ళు. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆయన పొద్దున్నే క్యారియర్ కట్టించుకుని బయటికి వెళ్ళేవారు. ఎక్కడికని పిన్ని అడిగేది కాదు. రెండోసారి చూసినప్పుడు రేవు యూనియన్ నాయకుడు ఫ్రాంక్ సొబోట్కా ఆ ఖాళీ రేవు కేసి చూస్తూ నిలబడితే నాకు బాబాయి క్యారియరే కనిపించింది. ఒక్క ఎపిసోడ్ కూడా వదలకండి.

అద్దె పుస్తకాలు, చిక్కడపల్లి | మంగళవారం, ఉదయం 6:40

మీరంతా పిల్లలు, నేను అరవై దాటినవాణ్ణి. ఒక పాత సంగతి చెబుతాను.

మా చిన్నప్పుడు చిక్కడపల్లిలో అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు, మధుబాబు షాడో నవలలు రోజుకింత అని అద్దెకు తెచ్చుకునేవాళ్ళం. అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టి ఉండేవి. మాకంటే ముందు చదివిన పుణ్యాత్ముడెవరో మొదటి పేజీలోనే పెన్నుతో హంతకుడి పేరు రాసి గీత గీసేవాడు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత తర్వాత, పేరు తెలిసీ ఆపకుండా చదివించిన పుస్తకమే మంచి పుస్తకమని నాకో లెక్క ఏర్పడింది. పేరు తెలియగానే చేతిలోంచి జారిపోయినవి కూడా బోలెడు.

మనవాళ్ళకు ఇది కొత్త కాదు. రాయబారం నాటకంలో కృష్ణుడు ఏం చెబుతాడో, దుర్యోధనుడు ఏమంటాడో తెలియనివాడు ఆ పందిట్లో ఉండడు. అయినా పద్యం అవ్వగానే "వన్స్ మోర్" అని అరుస్తారు. నటుడు మళ్ళీ అందుకుంటాడు, ఈసారి రాగం ఇంకాస్త సాగదీస్తాడు. యుద్ధం ఎలాగూ ఆగదని అందరికీ తెలుసు. అయినా ఆ పద్యం కోసం తెల్లవార్లూ కూర్చుంటారు. మామిడిచెట్టుగారి నాన్నగారు టేబుల్ సీన్ వెనక్కి పెట్టించుకున్నారంటే అదీ వన్స్ మోరే.

అందుకే నాకు కొలంబో ఇష్టం. 1971లో వరసగా రావడం మొదలైంది. హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారు. హత్య ఎలా చేశాడో కూడా చూస్తాం. ఆ తర్వాత నలిగిన కోటు వేసుకుని పీటర్ ఫాక్ వస్తాడు. దాచిన రహస్యం లేదు కాబట్టి పోయేదీ లేదు. వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఒక్క చిన్న సంగతి" అంటూ వెనక్కి తిరుగుతాడు చూడండి, ఎదుటివాడి మొహంలో రంగు మారేది అక్కడే. అది ఎన్నిసార్లయినా చూస్తాను.

నైట్‌షిఫ్ట్, గచ్చిబౌలి | మంగళవారం, ఉదయం 7:10

పెద్దాయనా, మీ మొదటి పేజీ సంగతి చదివి షిఫ్ట్ అలసట పోయింది. ఇంకా రాయండి.

కోర్టు దారి, నాంపల్లి | మంగళవారం, సాయంత్రం 6:25

అద్దె పుస్తకాలుగారు చెప్పినదానికి సరిగ్గా అతికేది బెటర్ కాల్ సాల్. అది బ్రేకింగ్ బ్యాడ్‌కు ముందు జరిగే కథ. అందులో జిమ్మీ అనే లాయరు చివరికి సాల్ గుడ్‌మన్ అవుతాడని బ్రేకింగ్ బ్యాడ్ చూసినవాళ్ళందరికీ తెలుసు. ఎవరు బతుకుతారో, ఎవరు పోతారో కూడా చాలావరకు తెలుసు. అంటే మొదటిసారి చూస్తున్నా రెండోసారి చూస్తున్నట్టే. తెలియంది ఒక్కటే, జిమ్మీ ప్రేమించే కిమ్ ఏమవుతుందని. ఆ ఒక్క దిగులుతో 63 ఎపిసోడ్లు నడిపారు.

నేను ఒక లాయర్ గారి దగ్గర జూనియర్‌ని. అందులో అన్న చక్, తమ్ముడు జిమ్మీ ఎదురెదురుగా నిలబడే విచారణ ఎపిసోడ్ ఉంది, మూడో సీజన్ అయిదోది. తనకు కరెంటు పడదని నమ్మే అన్న కోటు జేబులో, అతనికి తెలియకుండా ఒక ఫోన్ బ్యాటరీ వేయిస్తాడు తమ్ముడు. గంటకు పైగా ఆ బ్యాటరీ ఒంటి మీదే ఉన్నా చక్‌కు ఏమీ కాదు. అది బయటపడ్డాక చక్ కట్టలు తెంచుకుని మాట్లాడతాడు. మొదటిసారి తమ్ముడి తెలివికి చప్పట్లు కొట్టాను. రెండోసారి చక్ మొహమే చూశాను. అతను తమ్ముడి గురించి చెప్పేదాంట్లో తప్పు చాలా తక్కువ. నిజం చెబుతున్న మనిషి అందరి ముందూ పిచ్చివాడిలా కనబడుతున్నాడు. క్రాస్ ఎగ్జామినేషన్ అంటే ఎంత క్రూరమైందో కాలేజీలో ఎవరూ నాకు అలా చెప్పలేదు.

ఎమ్మీలకు 53 నామినేషన్లు వచ్చాయి దీనికి. ఒక్కటీ ఇవ్వలేదు. వైర్‌కూ ఒక్కటీ రాలేదు. అవార్డులు చూసి ఎంచుకునేవాళ్ళు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

శాలిబండ | మంగళవారం, రాత్రి 9:00

అందరూ "మళ్ళీ చూడగలిగిందే గొప్పది" అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఒప్పుకోను.

ఢిల్లీ క్రైమ్ మొదటి సీజన్ ఏడు ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో చూశాను. 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా అదే, మన దేశం నుంచి ఆ అవార్డు గెలిచిన మొదటి సిరీస్. 2012 నాటి ఆ నిర్భయ నేరాన్ని తెరమీద చూపించరు. పట్టుబడ్డవాడు స్టేట్‌మెంట్ ఇస్తుంటే వింటాం, అది వింటున్న పోలీసు ముఖం చూస్తాం. అంతే. ఆ రోజుల్లో నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ డిసెంబర్ తర్వాత నన్ను ట్యూషన్ మాన్పించారు, సాయంత్రం ఆరు తర్వాత గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఆ సిరీస్ మళ్ళీ పెట్టే ధైర్యం నాకు లేదు, పెట్టను కూడా. ఒక్కసారే చూశాను కానీ పోలీసు అధికారిగా వేసిన షెఫాలీ షా కళ్ళు ఇప్పటికీ నాతోనే ఉన్నాయి. దాన్ని తక్కువ అంటారా?

తార్నాక అక్క | మంగళవారం, రాత్రి 9:40

అనను చెల్లీ. మళ్ళీ చూడలేకపోవడం కూడా దాని బలమే. ఇప్పటిదాకా మేం ఎవరం ఈ మాట అనలేదు, నువ్వు అన్నావు. థ్యాంక్స్.

నీకు ఎప్పుడైనా ఓపిక ఉంటే హ్యాపీ వ్యాలీ చూడు. మూడు సీజన్లు, 18 ఎపిసోడ్లు. మొదటి సీన్‌లోనే ఒక కుర్రాడు ఒంటికి నిప్పంటించుకుంటానని బెదిరిస్తుంటాడు. సార్జెంట్ క్యాథరిన్ వెళ్ళి తన పేరు, వయసు చెబుతుంది. విడాకులయ్యాయి, మత్తుమందులు మానేసిన చెల్లితో ఉంటున్నాను, ఇద్దరు పిల్లల్లో ఒకరు చనిపోయారు, ఇంకొకరు నాతో మాట్లాడరు, ఒక మనవడు ఉన్నాడు అంటుంది. వాతావరణం చెబుతున్నట్టు చెబుతుంది. మొదటిసారి అది పరిచయంలా ఉంటుంది. అంతా చూసి మళ్ళీ మొదలుపెడితే అందులో ప్రతి మాటా గాయమే. రెండో సీజన్‌కి, మూడో సీజన్‌కి మధ్య ఏడేళ్ళు ఆగారు, ఆ మనవడి పాత్ర వేసిన పిల్లాడు నిజంగా పెద్దవాడయ్యేదాకా.

కూకట్‌పల్లి ఫేజ్ 6 | బుధవారం, మధ్యాహ్నం 12:10

ట్రూ డిటెక్టివ్ మొదటి సీజన్ ఎవరూ ఎత్తలేదేంటి? 2014, ఎనిమిది ఎపిసోడ్లు, ఎనిమిదింటికీ ఒకే దర్శకుడు. నాలుగో ఎపిసోడ్ చివర ఆరు నిమిషాలు కట్ లేకుండా తీసిన షాట్ గురించే అందరూ చెబుతారు. నాకు మాత్రం మూడో ఎపిసోడ్. మూతపడిన బడి దగ్గర గడ్డి కోసే మెషిన్ మీద కూర్చున్నవాడితో డిటెక్టివ్ రస్ట్ రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోతాడు. రెండోసారి చూసేటప్పుడు ఆ సీన్‌లో మంచం మీంచి లేచి నిలబడ్డాను. వాళ్ళు వెతుకుతున్నవాడు అక్కడే ఉన్నాడు!

మన తెలుగులో మాత్రం ఈ బాధ తీరట్లేదు. వికటకవిలో పాత తెలంగాణ, అమరగిరి, జ్ఞాపకాలు పోగొట్టుకునే జనం అంటే ఎంతో ఇష్టంగా కూర్చున్నాను. దూతలో వాన, పేపర్ కటింగ్స్ మొదటిసారి భలే పట్టేశాయి. కానీ రెండూ మళ్ళీ పెట్టాలనిపించలేదు. ముడి విప్పేశాక పట్టుకోవడానికి ఏమీ మిగలట్లేదు. హిందీలో పాతాళ్ లోక్ చూడండి. కేసు తేలిపోయాక కూడా పోలీసు హాథీరామ్ ఇంట్లో కొడుకుతో ఎలా ఉన్నాడో చూడాలని మళ్ళీ పెడతాం. మన సిటీలో ఒక మామూలు స్టేషన్, అందులో ఒక రైటర్, ఒక హోంగార్డు, ఒక ఎస్సై, వాళ్ళ డ్యూటీలు, వాళ్ళ ఇళ్ళు. ఎవరైనా తీస్తే పదిసార్లు చూస్తాను.

మామిడిచెట్టు, మెట్టుగూడ | బుధవారం, రాత్రి 11:15

ఫేజ్ 6 బ్రదర్, మీరు చెప్పింది నాన్నకు చదివి వినిపించాను. "తీస్తే కేసు డైరీ రాసేది చూపించమను" అన్నారు.

నిన్న రాత్రి వైర్ పదకొండో ఎపిసోడ్ చూశాం. పైఆఫీసర్లకు వెంటనే పట్టుకున్న మత్తుమందుల సరుకు కావాలి, టేబుల్ మీద పేర్చి ఫోటో తీయించుకోవాలి. దానికోసం నెలల తరబడి వైర్‌ట్యాప్ మీద, అంటే ఫోన్లు రహస్యంగా వింటూ కూర్చున్నవాళ్ళ పని పాడవుతున్నా తలుపులు బద్దలుకొట్టిస్తారు. నేను తెలుగులో చెప్పకముందే నాన్నకు అర్థమైంది. "ప్రెస్‌మీటా?" అన్నారు. వాళ్ళ స్టేషన్‌లో అలాంటి టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచింది ఎన్నోసార్లు ఆయనేనట. పట్టుకొచ్చినవాళ్ళ మొహాలకు ముసుగులు వేసి వెనక నిలబెట్టేవారట. ఫోటోలు అయిపోయాక గుడ్డ మడిచి బీరువాలో పెట్టి, పంచనామా రాయడానికి కూర్చునేవారట.

ఎనిమిదో ఎపిసోడ్ గురించి కూడా రాయాలి. వాలెస్ అనే పదహారేళ్ళ పిల్లాడు మత్తుమందులు అమ్ముతుంటాడు. ఇంట్లో దిక్కులేని చిన్నపిల్లల్ని పెట్టుకుని పొద్దున్నే బడికి పంపుతాడు. వాళ్ళలో ఒకరికి బస్సు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళ లెక్క రాదు. అదే లెక్క మత్తుమందు సీసాలతో అడిగితే టక్కున చెబుతారు. ఎలా వచ్చిందంటే, ఇది తప్పితే కొడతారు కదా అన్నట్టు జవాబు. నాన్న నన్ను ఆపమన్నారు. స్టేషన్‌కు టీ తెచ్చే పిల్లాడొకడు ఉండేవాడట. ఎవరికి ఎన్ని టీలు, ఎవరు ఎంత బాకీ, నలభై మంది లెక్క నెలాఖరు దాకా నోటికే చెప్పేవాడట. బడిలో మూడో క్లాసు తప్పాడట. తర్వాత ఏమయ్యాడు నాన్నా అంటే చాలాసేపు మాట్లాడలేదు. ట్రాన్స్‌ఫర్ అయి వచ్చేశానురా అన్నారు.

ఈ రాత్రి పన్నెండో ఎపిసోడ్. చూసినవాళ్ళకు తెలుసు అందులో ఏం జరుగుతుందో. ఇంకా ప్లే నొక్కలేదు. నాన్న అడుగుతున్నారు, "ఆ పిల్లాణ్ణి ఊళ్ళో ముసలామె దగ్గర దింపి వచ్చారు కదా, అక్కడే ఉంటాడా?" అని.